కొబ్బరి మొవ్వులో నల్ల ఎలుక: ఎకరం తోట ప్రాజెక్టు డైరీ

ముందుగా తోట వివరం. కోనసీమలో అంబాజీపేట చుట్టుపక్కల ఒక ఎకరం. 8 మీటర్ల ఎడంతో 63 కొబ్బరి చెట్లు, అన్నీ కాపు మీదున్న ఈస్ట్ కోస్ట్ టాల్ అనే పొడుగు రకం. వరసల మధ్య కోకో. ఉత్తరాన పంట కాలువ, దాని అవతల వరి చేలు. తూర్పున పెంకుటిల్లు, ఇంటి అటక మీద కురిడీ (ఎండు కొబ్బరి) కోసం నిలవేసిన కాయ. దక్షిణాన పుంత. పడమర పొరుగువాళ్ల కొబ్బరి తోట, నడుమ కంచె తప్ప ఇంకేమీ లేదు.

పని పెట్టుకోవడానికి కారణం రాలిన కాయలు. ప్రతి దింపుకూ (కాయ కోతకూ) ముందే ముచ్చిక (తొడిమ) దగ్గర బెజ్జం పడ్డ లేతకాయలు చెట్ల కింద కనిపిస్తున్నాయి. కాలువ గట్టు మీది కన్నాల్లో మందు పెట్టారు, కుండతో పొగ పెట్టారు. వరి చేలో నష్టం తగ్గింది, కొబ్బరిలో తగ్గలేదు.

మొదటి వారం: ఏ ఎలుకో తేల్చుకోవడం

గట్టు కన్నాల్లో ఉండేది వేరే ఎలుక. మట్టి తవ్వి పైకి కుప్ప పోసేది, వరి కంకులు కోసి కన్నంలో దాచేది పొలం ఎలుక. పందికొక్కు దానికి పెద్ద చుట్టం. అవి నేల మనుషులు అనుకోవచ్చు. కొబ్బరి ఎక్కేది నల్ల ఎలుక, శాస్త్రం పేరు రాటస్ రాటస్. ఇది సాధారణంగా కన్నం తవ్వదు. ఇంట్లో అయితే అటక, తోటలో అయితే మొవ్వు, అంటే కొబ్బరి చెట్టు తల. కన్నంలో మందు పెడితే దీని దాకా ఎలా వెళ్తుంది? ఇన్నాళ్ల మందు ఖర్చు వేరే జంతువు మీద పెట్టినట్టయింది.

పేరు కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కొబ్బరి తోటల్లో దొరికే నల్ల ఎలుక చాలాసార్లు నల్లగా ఉండదు. వీపు మట్టి గోధుమరంగు, పొట్ట తెలుపో మీగడ రంగో. నిజంగా నల్లగా ఉండేవి ఎక్కువగా ఊళ్లలో, రేవుల్లో కనిపిస్తాయి. రంగు చూసి "ఇది నల్ల ఎలుక కాదులే" అని వదిలేస్తే మొదట్లోనే పప్పులో కాలేసినట్టు.

రంగు పక్కన పెట్టి ఆకారం చూడాలి. కోకో చెట్టు మొదట్లో పెట్టిన ఇనుప బోనులో ఐదో రాత్రి పడిన ఎలుకను ఇలా చూశాం:

తల, ఒళ్లు కలిపి 17 సెంటీమీటర్లు, తోక 21. చచ్చిన ఎలుక తోకను వీపు మీదుగా ముందుకు వంచితే మూతి దాటి ముందుకు వచ్చింది. పందికొక్కు తోక అలా రాదు. తోక మొత్తం పైనా కిందా ఒకటే ముదురు రంగు, పొలుసుల్లాంటి వలయాలు. చెవి పెద్దది, పల్చన, వెంట్రుకలు దాదాపు లేవు. వెలుతురుకు పెడితే లోపలి రక్తనాళాలు కనిపిస్తాయి. చెవిని ముందుకు లాగితే అది కన్నును కప్పేస్తుంది. మూతి కోసుగా ఉంది, కళ్లు పెద్దవై బయటికి ఉబికి ఉన్నాయి. బరువు 128 గ్రాములు. పెద్దవి 200 గ్రాముల దాకా తూగుతాయి, అంతకు మించి బాగా బరువున్నది దొరికితే అది పందికొక్కేమో చూసుకోవాలి.

అన్నిటికన్నా చెప్పుకోవలసింది కాలి అడుగు. భూతద్దంతో చూస్తే అరికాలి దిండ్ల మీద సన్నని గీతలు అడ్డంగా, వరసగా ఉన్నాయి, పాత టైరు మీద గాడుల్లాగా. గోళ్లు వంకర. కొబ్బరి మాను మీద రాలిన మట్టల మచ్చలు వలయాలుగా ఉంటాయి కదా, ఆ వలయాల్లో ఈ గోళ్లు దిగుతాయి, గరుకు బెరడు మీద దిండ్లు పట్టుకుంటాయి. నున్నటి రేకు మీద మాత్రం గోటికీ దిండుకూ పట్టు దొరకదు. ఈ పనంతా ఆ ఒక్క లోపం మీదే ఆధారపడింది.

చేతికి గ్లౌజు లేకుండా ఏ ఎలుకనూ ముట్టుకోలేదు. మూత్రంతో వచ్చే ఎలుక జ్వరం చిన్న గీరుడు నుంచి కూడా ఒంట్లోకి దిగుతుంది. తడి నేలలో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లకు ప్రమాదం ఎక్కువ. జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టరుకు తోటపని సంగతి తప్పక చెప్పాలి. చచ్చిన ఎలుక మీది గోమార్లు (రక్తం పీల్చే చిన్న పురుగులు) కొత్త ఒళ్లు వెతుక్కుంటాయి. ప్లేగు ఆ దారినే ఎలుక నుంచి మనిషికి వస్తుందని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు చూపించాడు. అందుకే బోనుతో సహా ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టాం.

రెండో వారం: తిన్నది ఎలుకా, ఉడుతా?

తోటలో ఉడుతలు కూడా ఉన్నాయి. నేరం ఎవరిదో తెలియకుండా మందు పెట్టడం తప్పు.

రాలిన కాయలన్నీ ఒక చోట పోసి చూశాం. ఎలుక కొరికిన లేతకాయకు బెజ్జం ముచ్చిక పక్కనే ఉంటుంది, అక్కడ పీచు మెత్తన కాబట్టి. ఒక కాయను కడిగి ఎండలో పెట్టి చూస్తే బెజ్జం అంచున జంట గాడులు స్పష్టంగా కనిపించాయి, రెండు పళ్లు పక్కపక్కన గీసిన గీతలు. పీచు పోగులు బయటికి చెదిరి ఉన్నాయి. లోపల నీళ్లు లేవు, లేత కొబ్బరి గోకి తినేసింది. ఇలా కొరికిన కాయ వెంటనే రాలదు, కొన్ని రోజులు గెలకు వేలాడి అప్పుడు పడుతుంది. కాబట్టి ఈరోజు కింద కనిపించిన కాయ పోయిన వారం నష్టం. కట్టడి పని ఫలించిందో లేదో మర్నాడే లెక్కేస్తే తప్పు లెక్క వస్తుంది.

కోకోలో తేడా ఇంకా తేలిక. ఎలుక కాయను తొడిమ వైపు కొరుకుతుంది. ఉడుత నడుమ బెజ్జం పెడుతుంది, అదీ ఎక్కువగా పండినవాటికి. ఎలుక పచ్చికాయనూ వదలదు.

రాత్రి తిరిగేది ఎవరో చూడటానికి ముగ్గు వాడాం. అడుగు పొడవు, అరడుగు వెడల్పు చెక్క ముక్కలు 10, వాటి మీద పల్చగా ముగ్గు పొడి. ముగ్గురాయి పొడే వాడాలి, బియ్యప్పిండి వేస్తే పాదముద్ర మిగలదు, పిండే మిగలదు. చెక్కను కోకో పంగలో, మాను మొదట్లో, ఇంటి చూరు కింద పెట్టాం. కీలకం వేళల్లో ఉంది: పొద్దుగూకాక పొడి కొత్తగా చల్లి, తెల్లారగట్ల ఉడుతలు లేవకముందే చూడాలి. రాత్రి పడ్డ ముద్ర ఎలుకది, పగలు పడ్డది ఉడుతది. ముందు కాలికి నాలుగు వేళ్లు, వెనక కాలికి అయిదు, నడుమ తోక ఈడ్చిన గీత.

10 చెక్కల్లో 6 మీద రాత్రి ముద్రలు పడ్డాయి. ఇంటి చూరు కింద పెట్టిన రెంటి మీదా ఉన్నాయి.

పెంట చూసినా తెలుస్తుంది. నల్ల ఎలుకది రెండు కొసలా సన్నగా, ధాన్యపు గింజకన్నా కొంచెం పొడవు, అర అంగుళం లోపు. పందికొక్కుది లావు, మొద్దు.

మూడో వారం: దారుల పటం

తోట పటం కాగితం మీద గీసి ప్రతి చెట్టుకూ నంబరు వేశాం. ఎక్కడెక్కడ ఒక చెట్టు కమ్మ పక్క చెట్టు కమ్మను తాకుతోందో గీత గీశాం. 8 మీటర్ల ఎడం అంటే చెట్టుకూ చెట్టుకూ సగం దారి 4 మీటర్లు. పెద్ద కొబ్బరి కమ్మ 5 మీటర్లు దాటుతుంది. అంటే గీత గీయని జతే మిగల్లేదు. 63 చెట్ల మొవ్వులూ కలిసి ఒకే ఊరు. ఎలుక ఒక్క చెట్టు ఎక్కితే చాలు, నేల ముట్టకుండా తోటంతా తిరగగలదు.

నీటి కోసమైనా దిగుతుందా అంటే దిగనక్కర్లేదు. లేత కాయలో నీళ్లున్నాయి, తిండి ఉంది, మట్టల మొదట్లో జల్లెడలాంటి పీచు గూటికి పనికొస్తుంది. దింపువాళ్లు నాలుగు మొవ్వుల్లోంచి గూళ్లు తీసి కింద పడేశారు: చీల్చిన ఆకు ఈనెలు బయట, మెత్తటి పీచు లోపల, రెండు చేతుల దోసిలంత. ఒకదాంట్లో కళ్లు తెరవని పిల్లలు 6. చూలు 21, 22 రోజులు, ఈతకు మామూలుగా 5 నుంచి 8. పిల్ల మూడు నెలలకే ఈడుకొస్తుంది. అందుకే పది ఎలుకల్ని చంపి దారి తెరిచి ఉంచితే పెద్ద ప్రయోజనం లేదు.

ఇదే విషయాన్ని తోటవాళ్లందరికీ గట్టిగా చెప్పాలి: కాయ పోతున్న చెట్టును ఒక్కదాన్నే చూసి, దానికే రేకు కట్టడం వృథా. పక్క చెట్టు ఎక్కి వస్తుంది. కమ్మలు కలిసిన చెట్లన్నిటినీ ఒకే గుంపుగా తీసుకుని గుంపుకు గుంపే మూయాలి. మనుషులు దిగి ఎక్కే దారి మానుది. ఎలుక దారి ఆకాశంలో ఉంది. లక్షద్వీప్ దీవుల్లో నల్ల ఎలుక కొబ్బరికి అంత పెద్ద బెడద కావడానికి ఒకదానికొకటి అల్లుకున్న ఈ కమ్మలే ఒక కారణం.

పటంలో మాను కాకుండా పైకి వెళ్లే దారులు కూడా గుర్తుపెట్టాం: 17వ చెట్టుకు ఎక్కించిన మిరియం తీగ, ఇంటి కప్పు మీద వాలిన 3వ చెట్టు కమ్మలు, మోటారు కొట్టుకు వెళ్లే కరెంటు తీగ, మానుకు ఆనిన కోకో కొమ్మలు 9 చోట్ల, పడమటి కంచె పొడవునా పొరుగు తోట కమ్మలు.

నాలుగు, అయిదు వారాలు: రేకు పట్టీలు

ఓడరేవుల్లో ఓడను కట్టిన లావుపాటి తాళ్లకు గుండ్రటి రేకు పళ్లేలు తొడుగుతారు, ఎలుక తాడు మీదుగా ఎక్కకుండా. కొబ్బరి మానుకు కట్టే పట్టీ కూడా ఆ పనే చేస్తుంది.

కొలతల లెక్క ఇలా తేల్చాం. పట్టీ వెడల్పు కనీసం 40 సెంటీమీటర్లు ఉండాలి. ఎలుక వెనక కాళ్లు పట్టీ కింద మాను మీద పెట్టి, ఒళ్లు సాచి, ముందు కాళ్లతో పై అంచు అందుకోకూడదు. పట్టీ కింది అంచు నేల నుంచి 2 మీటర్ల ఎత్తు. అంతకన్నా కిందైతే పక్కన పోసిన కొబ్బరి డొక్కల గుట్ట మీంచో, ఆనించిన కర్ర మీంచో దూకుతుంది. నిలువుగా రెండడుగులకు పైగా ఎగరగలదు.

జీఐ (జింకు పూత) ప్లెయిన్ రేకు, 8 అడుగులు బై 3 అడుగులు, 28 గేజి. 3 అడుగుల వైపును సగానికి కోస్తే 45 సెంటీమీటర్ల పట్టీలు రెండు వస్తాయి. ఒక్కో పట్టీ పొడవు 244 సెంటీమీటర్లు, దాన్నీ సగం చేస్తే 122. మన చెట్ల మాను చుట్టుకొలత 2 మీటర్ల ఎత్తులో 85 నుంచి 108 మధ్య ఉంది. అంచులు ఒకదాని మీద ఒకటి కనీసం 5 సెంటీమీటర్లు ఎక్కాలి. కాబట్టి ఒక రేకుకు 4 చెట్లు, 63 చెట్లకు 16 రేకులు. ఒక ముక్క మిగులుతుంది, దెబ్బతిన్న దానికి బదులుగా దాచాలి.

సామాను: రేకు కత్తెర, తోలు గ్లౌజులు, 14 గేజి జీఐ తీగ (చెట్టుకు రెండు చుట్లు, మెలికతో కలిపి రెండున్నర మీటర్లు), పటకారు, రబ్బరు సుత్తి, 10 అడుగుల నిచ్చెన.

మేకులు కొట్టలేదు. కొబ్బరి మానుకు పట్టిన గాయం మామిడికో వేపకో మానినట్టు మానదు, ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది. గాయం దగ్గర కారే రసం వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. ఎలుకను ఆపబోయి చెట్టునే పోగొట్టుకున్నట్టు అవుతుంది. తీగ చుట్టి మెలిపెట్టడమే మేలు. ఇంకో సౌకర్యం ఉంది: కొబ్బరి మాను ఒకసారి ఏర్పడ్డాక లావెక్కదు. అందుకని ఈ పట్టీని ఏటేటా వదులు చేయక్కర్లేదు. అదే మామిడికి కడితే రెండేళ్లలో బెరడును కోసేస్తుంది.

కట్టే వరస: మానును గోనెగుడ్డతో తుడిచి, వేలాడే పీచు, ఎండు నాచు తీసేయాలి. రేకు అంచులు నాలుగూ అర సెంటీమీటరు లోపలికి మడిచి సుత్తితో అదమాలి, దింపువాళ్ల కాళ్లు కోసుకోకుండా. ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు రేకును మానుకు అదిమి పట్టుకుంటే ఇంకొకరు కింది తీగ ముందు, పై తీగ తర్వాత బిగిస్తారు. అంచుల అతుకు గాలివాన వైపు కాకుండా అవతలి వైపు పెట్టాలి. తీగ మెలిక కొసను లోపలికి వంచాలి, పైకి నిలబెడితే అదే ఎలుకకు మెట్టు.

ఇక్కడే చిక్కు వచ్చింది. మాను నున్నటి గొట్టం కాదు, వలయాలున్నచోట రేకు ఆనదు. కొన్ని చెట్లకు పై అంచున వేలు దూరేంత సందు మిగిలింది. పిల్ల ఎలుకకు అర అంగుళం సందు చాలు. మొదట్లో ఆ సందులో పీచు కుక్కాం. నాలుగు రోజుల్లో పీచు లాగేసి ఉంది, గూటికి పట్టుకెళ్లింది కాబోలు. తర్వాత సన్న ఇనుప జాలిని మడత పెట్టి కుక్కి, పై తీగను ఒక అంగుళం పైకి జరిపి బిగించాం. అది నిలిచింది.

పట్టీ కట్టిన చెట్టు ఎక్కడం దింపువాళ్లకు ప్రమాదం. కాలికి రేకు మీద పట్టు ఉండదు, వర్షంలో మరీ. కాబట్టి పట్టీ పై అంచు దాకా నిచ్చెన మీదే ఎక్కి, అక్కడి నుంచి మోకు వేసుకోవాలని ముందే మాట్లాడుకున్నాం. నిచ్చెనను దింపు కాగానే తీసేయాలి. మానుకు ఆనించి మర్చిపోతే ఆ రాత్రి ఎలుకకు మెట్లు కట్టించినట్టే.

నేల మీద మాను ఇంకా 2 మీటర్లు పైకి రాని లేత చెట్లకు ఈ పట్టీ పనికిరాదు. ఈ తోటలో అలాంటివి లేవు.

ఆరో వారం: పైన చిక్కినవాటి సంగతి

పట్టీ ఎక్కనివ్వదు, దిగనివ్వదు కూడా. పైన ఉన్న ఎలుకలు మొవ్వుల్లోనే తిండీ నీళ్లూ దొరుకుతాయి కాబట్టి కులాసాగా బతికి పిల్లల్ని పెడతాయి. రేకు కట్టి నెల తర్వాత కూడా కాయలు రాలుతున్నాయని విసుగెత్తి రేకులు పీకేసేవాళ్లు ఈ సంగతి మర్చిపోయినవాళ్లే. పట్టీ కట్టిన వెంటనే మొవ్వు శుభ్రం, మందు.

దింపు రోజునే మొవ్వు శుభ్రం చేయించాం. ఎండు కమ్మలు, పాత పొత్తులు, గెల కాడలు, గూళ్లు తీయించాలి. పచ్చి కమ్మ నరకనివ్వకూడదు.

మందు బ్రోమాడియోలోన్ 0.005 శాతం మైనపు బిళ్లలు. కొబ్బరికి ఉన్న సిఫారసు: 5 చెట్లకు ఒక చెట్టు చొప్పున, మొవ్వులో 10 గ్రాములు, 12 రోజుల ఎడంతో రెండుసార్లు. 63 చెట్లకు 13 చెట్లు, ఒక్కో విడతకు 130 గ్రాములు. పది గ్రాముల బిళ్లలో అసలు మందు అర మిల్లీగ్రామే. అందుకే "ఎక్కువ వేస్తే త్వరగా చస్తుంది" అనుకోవడం దండగ. ఇది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు, ఎంత తిన్నా చావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ ఆలస్యమే దీని బలం. తిన్నవెంటనే కడుపు నొప్పి రాదు కాబట్టి ఎలుక ఆ తిండిని అనుమానించదు. నల్ల ఎలుకకు కొత్త వస్తువంటే భయం, కొత్త బోను చుట్టూ మూడు నాలుగు రాత్రులు తిరిగి గానీ లోపలికి పోదు. ఒక చోట కడుపు నిండా తినకుండా పది చోట్ల కొంచెం కొంచెం కొరుకుతుంది. ఇలాంటి జీవికి తక్షణం చంపే జింకు ఫాస్ఫైడు మొదటి రాత్రే పెడితే, రుచి చూసి బతికినవి మళ్లీ ఆ ఎర ముట్టవు.

బిళ్లకు చిల్లు పెట్టి సన్న తీగతో గెల కాడకు కట్టించాం. ఊరికే పెడితే గాలికి కింద పడుతుంది, కుక్కో కోడో తింటుంది.

రెండో విడత దగ్గర ఖర్చు అడ్డొచ్చింది. దింపు 45 నుంచి 60 రోజులకు ఒకసారి వస్తుంది, 12 రోజులకు మళ్లీ ఎక్కించాలంటే విడిగా కూలి. ఒకసారి మందు పెట్టి వదిలేసే తోటలే ఎక్కువ, అందుకే సగం పనిలో ఆగిపోతుంది. మొదటి విడతలో బతికిన వాటికీ, అప్పుడు గూట్లో ఉండి తర్వాత బయటికొచ్చిన పిల్లలకూ రెండోది తప్పదు. 13 చెట్లే కాబట్టి కూలి ఇచ్చి ఎక్కించాం.

జాగ్రత్తలు: మందు కట్టిన చెట్లకు మానుకు ఎర్ర గుడ్డ కట్టాం, ఆ చెట్ల బొండాలు ఎవరూ దింపకుండా. రోజూ పొద్దున్నే చెట్ల కింద వెతికి, చచ్చి పడ్డ ఎలుకల్ని పారతో ఎత్తి రెండడుగుల లోతున పూడ్చాం. వాటిని గుడ్లగూబో జెర్రిపోతో తింటే మందు వాటికీ ఎక్కుతుంది. మానుపిల్లి తిరిగే తోటల్లో మొవ్వులో మందు పెట్టకపోవడమే నయం, బోన్లతో సరిపెట్టుకోవాలి. మందు తిన్న మనిషికీ పెంపుడు జంతువుకూ విరుగుడు విటమిన్ కె1, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మందు పెట్టె వెంట తీసుకెళ్లాలి.

గుడ్లగూబ గూటి పెట్టె పెడదామా అన్న మాట కూడా వచ్చింది. కవరత్తి దీవిలో ఎలుకల కోసమే గుడ్లగూబల్ని తెచ్చి వదిలారు. మందు పెడుతున్నన్నాళ్లూ ఇక్కడ పెట్టె పెట్టకూడదు. ఎరకు పిలిచి విషం పెట్టినట్టవుతుంది.

ఏడో వారం: కోకో

కోకోకు పట్టీ పనిచేయదు, కొమ్మలు నడుం ఎత్తు నుంచే మొదలవుతాయి. ఇక్కడ మూడు పనులు. ఒకటి, మానుకు నాలుగడుగుల లోపు వచ్చిన కొమ్మలన్నీ కత్తిరించడం. కోకో కొమ్మ నుంచి మానును పట్టీ పైన అందుకుంటే మన 16 రేకులూ దండగ. రెండు, పండిన కాయను పది పదిహేను రోజులకోసారి కోసేయడం. మూడు, పగలగొట్టిన కాయ తొక్కల్ని చెట్ల కింద కుప్పగా వదలకుండా గుంతలో వేసి మట్టి కప్పడం.

బోన్లు 8 పెట్టాం, కోకో పంగల్లో తీగతో కదలకుండా కట్టి. మొదటి నాలుగు రాత్రులు తలుపు తెరిచి కట్టేసి ఎర మాత్రమే పెట్టాలి, అయిదో రాత్రి నుంచి బిగించాలి. కొబ్బరి తోటలో కొబ్బరి ముక్క ఎరగా పనికిరాదు, అది చుట్టూ ఉన్నదే కదా. నూనెలో వేయించిన నూకలు ఉండ చేసి పెడితే బాగా పడ్డాయి. ఎండు చేప పెడితే పిల్లులు బోను దొర్లించాయి. బోన్లను పొద్దున్నే మూసేయాలి, లేకపోతే ఉడుతలు పడతాయి.

ఎనిమిదో వారం: ఇంటి వైపు

3వ చెట్టు కమ్మలు కప్పును తాకకుండా నాలుగడుగులు ఎడం చేయించాం. అటక మీదికి చూరు సందుల్లోంచి వస్తోంది, వాసాల మీద జిడ్డు మరకలు చూస్తే దారి తెలిసిపోతుంది. రోజూ అదే దారిన ఒళ్లు రాసుకుంటూ పోవడం వల్ల పడే నల్లటి మెరుపు అది. వేలితో రుద్ది చూస్తే తాజాది అంటుకుంటుంది, పాతది పొడిగా రాలుతుంది. పావు అంగుళం కళ్ల జాలితో చూరు పొడవునా మూశాం. ప్లాస్టిక్ జాలి వేయొద్దు, ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. కరెంటు తీగ పని విద్యుత్ లైన్‌మన్‌కు వదిలేశాం, ఎవరూ చెయ్యి పెట్టలేదు.

పదో వారం: వచ్చిన తేడా, మిగిలిన లోపాలు

పట్టీలకు ముందు ఒక వారంలో ముచ్చిక దగ్గర కొరికిన కాయలు 31 ఏరాం. ఈ వారం 7. ఏ చెట్టు కింద పడ్డాయో పటం మీద చుక్కలు పెడితే ఏడింటిలో అయిదు పడమటి కంచె వరసలోనే. పొరుగు తోట కమ్మలు దారి ఇస్తున్నాయి. మిగిలిన రెండూ 17వ చెట్టువి. మిరియం తీగ రేకు మీదుగా పాకి ఉంది! తీగను పట్టీకి అడుగు కిందే కోసి, ఇకపై పట్టీ లేని వేప గుంజకు ఎక్కించాలి.

వానలు మొదలయ్యాక రేకుల మీద కాలువ వైపు చెట్లకు పచ్చటి పాచి పట్టింది, రెండు చోట్ల చెదపురుగులు మట్టి గొట్టం కట్టుకుంటూ పట్టీ దాటాయి. రెండూ గోటికి పట్టు ఇస్తాయి. ప్రతి దింపుకూ నిచ్చెన మీద ఉండగానే తడిగుడ్డతో ఒకసారి తుడిచేయమని దింపువాళ్లకు చెప్పాం, చెట్టుకు అర నిమిషం పని.

రాలిన బోలు కాయలు ఏరడం ఎలుక కోసమే కాదు. కొరికిన కాయలో వాన నీరు నిలిచి డెంగ్యూ దోమ పెరుగుతుంది. ఏరినవాటిని రెండుగా నరికి బోర్లా వేస్తున్నాం.

పడమటి వరసలో పొరుగువాళ్ల చెట్లు 9. వాళ్లు ఒప్పుకున్నారు. మిగిలిన ఒక ముక్క ఉంది, ఇంకో 2 రేకులు కొంటే ఆ 9 చెట్లకూ సరిగ్గా సరిపోతుంది. వచ్చే దింపు రోజున కొలతలు తీసుకుని కట్టాలి, అదే రోజున వాళ్ల వైపు రెండు చెట్ల మొవ్వుల్లో మందు, 12 రోజులకు రెండో విడత.